నిండు కుండా, పారే వాగా? భారీ నక్షత్రాలు బలిసే తీరు

జనవరి చలిలో రాత్రి తొమ్మిది గంటలప్పుడు డాబా ఎక్కి చూస్తే మృగశిర, దాని పక్కనే ఎర్రగా ఆర్ద్ర కనిపిస్తాయి. మన రైతులకు ఈ రెండూ జూన్‌లో వచ్చే కార్తెలు. ఆ రోజుల్లో సూర్యుడు వాటి దాపునే ఉంటాడు కాబట్టి పేర్లు నోట నానుతాయి గానీ చుక్కలు కంటబడవు. చుక్కలుగా చూడాలంటే చలికాలమే. అక్కడే ఒక వరుసలో మూడు చుక్కలు, వాటికి కాస్త కింద ఊదితే పోయేలా మసకగా ఒక మరక. అదే ఓరియన్ నెబ్యులా. మనకు సుమారు 1,350 కాంతి సంవత్సరాల దూరం. ఆ మరక అలా వెలగడానికి ముఖ్య కారణం ఒకే ఒక్క నక్షత్రం. తీటా-1 ఓరియనిస్ సి అని దాని పేరు. బరువు 30 సూర్యుళ్ళకు పైమాటే, వెలుగు సుమారు 2 లక్షల సూర్యుళ్ళంత. చుట్టూ రెండు వేలకు పైగా చిన్న నక్షత్రాలు కాపురం ఉంటున్నా ఆ ఊరికి దీపం మాత్రం అదే.

ఆ దీపం అంత బరువు ఎక్కడి నుంచి, ఎలా పోగేసుకుంది? యాభై ఏళ్ళుగా ఖగోళ శాస్త్రజ్ఞులు తగువులాడుకుంటున్న ప్రశ్న ఇది. (బరువు అన్న మాటను ఇక్కడ ద్రవ్యరాశి అనే అర్థంలో వాడుతున్నాను. ఫిజిక్స్ మాస్టార్లు మన్నించాలి.) సూర్యుడికి 8 రెట్లు, ఆ పైన ఉన్నవాటిని భారీ నక్షత్రాలంటారు. గీత అక్కడే ఎందుకంటే, దానికి పైన ఉన్నవాటి గర్భం చివర్లో కుప్పకూలుతుంది, చాలావరకు సూపర్‌నోవాలుగా పేలతాయి. కిందివి మెల్లగా ఆరిపోతాయి. నూరు నక్షత్రాలు పుడితే అందులో భారీది ఒకటి ఉండటం కూడా కష్టమే. ఉన్నదీ నాలుగు కాలాలు మనదు. సూర్యుడి ఆయుష్షు వెయ్యి కోట్ల ఏళ్ళయితే, 30 సూర్యుళ్ళ నక్షత్రానిది సుమారు 60 లక్షల ఏళ్ళు. అయినా మనం పీల్చే ఆక్సిజన్‌లో చాలా భాగం వండింది వీటి పొయ్యిల్లోనే. చుట్టూ ఉన్న మేఘాలను వెలిగించేవీ, చెదరగొట్టేవీ ఇవే. ఇంటికి ఒక్కడే సంపాదనపరుడైతే అతని సంగతే అందరూ మాట్లాడుకుంటారు కదా, అలాంటిదే ఇదీ.

పుట్టేటప్పుడు చూసి తేల్చుకుందామంటే ఇవి చూడనివ్వవు. కొద్దివి కాబట్టి చాలావరకు దూరంగానే ఉంటాయి. పెరుగుదల లక్ష ఏళ్ళ పాటు సాగే పని, అంటే నక్షత్రాల లెక్కలో కన్నుమూసి తెరిచేంత. అదీ దట్టమైన ధూళి మేఘం లోపల జరుగుతుంది, మామూలు వెలుతురు బయటికి రాదు. తెర తొలగేసరికి నాటకం అయిపోయి ఉంటుంది. లోపలి వేడికి కాగిన ధూళి వెదజల్లే పరారుణ కిరణాలూ, రేడియో తరంగాలూ మాత్రమే బయటపడి కబురు చెబుతాయి.

ఈ కబురు వినడంలో హైదరాబాద్‌కూ ఒక పాత్ర ఉంది. దూర పరారుణ కిరణాలను మన గాలిలోని తేమ మింగేస్తుంది, నేల మీద ఎంత పెద్ద టెలిస్కోపు పెట్టినా లాభం లేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారు హైదరాబాద్‌లోని తమ బెలూన్ కేంద్రం నుంచి, ఒక మీటరు అద్దం ఉన్న టెలిస్కోపును పెద్ద ప్లాస్టిక్ బెలూన్‌కు కట్టి సుమారు 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు. అంత పైన తేమ దాదాపు ఉండదు. భారీ నక్షత్రాలు పుడుతున్న మేఘాల్లో ధూళి ఎంత వేడిగా ఉందో, ఎంత వెలుగుతోందో అది కొలిచి, పని పూర్తయ్యాక పారాచూట్ మీద కిందికి దిగేది. 1999 నుంచి జపాన్ శాస్త్రజ్ఞుల పరికరం దానికి తోడై, కార్బన్ అయాన్లు 158 మైక్రాన్ల దగ్గర వెలువరించే గీతను కూడా నమోదు చేసింది. మన ఊళ్ళ మీదుగా రాత్రిపూట తేలిపోయిన ఆ బెలూన్ల కథను ఎవరైనా విడిగా రాయాలి.

సూర్యుడికి సరిపోయిన లెక్క

సూర్యుడిలాంటి నక్షత్రం పుట్టుక గురించి ఒక కథ ఎప్పుడో కుదిరింది. చల్లని వాయుమేఘంలో ఒకచోట గురుత్వం పీడనాన్ని మించితే ఆ భాగం కూలుతుందని జేమ్స్ జీన్స్ 1902లో చూపించాడు. అలా కూలే చిన్న గర్భంలో మధ్యభాగం ముందు పడుతుంది, పై పొరలు ఒకదాని తర్వాత ఒకటి దిగుతాయి అని ఫ్రాంక్ షూ 1977లో లెక్కగట్టాడు. ఆ లెక్క ప్రకారం, 10 కెల్విన్ చలిలో ఉన్న మేఘం నుంచి పసినక్షత్రం మీద ఏడాదికి సూర్యుడిలో పది లక్షల వంతుల్లో రెండు వంతుల వాయువు పడుతుంది. సూర్యుడంతటి నక్షత్రానికి ఐదు లక్షల ఏళ్ళు చాలు. సరిపోయింది.

ఇదే రేటు మీద తీటా-1 సి లాంటిది తయారు కావాలంటే? 30 సూర్యుళ్ళు పోగవడానికి కోటిన్నర ఏళ్ళు. కానీ ఆ నక్షత్రం మొత్తం ఆయుష్షే 60 లక్షలు! పుట్టక ముందే చావాలన్న మాట. అంటే పసి భారీ నక్షత్రం మీద వాయువు పదుల నుంచి వందల రెట్లు జోరుగా, ఏడాదికి సూర్యుడిలో పదివేలో వంతు నుంచి వెయ్యో వంతు దాకా పడుతూ ఉండాలి. మొదటి చిక్కు ఇది.

రెండోది ఇంకా తమాషా. సూర్యుడు వాయువు పోగేసుకోవడం ఆపేశాక కూడా తన బరువుకు తానే కుంచించుకుంటూ, గర్భంలో హైడ్రోజన్ నిలకడగా మండే దశకు చేరడానికి కొన్ని కోట్ల ఏళ్ళు పట్టింది. బరువు పెరిగేకొద్దీ ఈ కుంచించుకునే కాలం తగ్గిపోతుంది, భారీ నక్షత్రానికి కొన్ని పదివేల ఏళ్ళు చాలు. పోగేసుకోవడానికి పట్టే కాలం అంతకంటే ఎక్కువ. కాబట్టి భారీ నక్షత్రం పొయ్యి వెలిగించుకున్నాక కూడా కట్టెలు ఏరుకుంటూనే ఉండాలి. లోపల వేల సూర్యుళ్ళ వెలుగు బయటికి తోస్తుంటే, దానికి ఎదురీది వాయువు లోపలికి రావాలి.

తెరచాపలు

వెలుగుకు తోసే శక్తి ఉంది. ఒక నక్షత్రం ఎంత వెలిగితే తన పై పొరలను తానే ఎగరగొట్టుకుంటుందో ఆర్థర్ ఎడింగ్టన్ వందేళ్ళ కిందటే చెప్పాడు. కానీ అది ఎలక్ట్రాన్లు వెలుగును అడ్డుకునే వేడి వాయువుకు వర్తించే లెక్క. మేఘంలో వాయువు వట్టిది కాదు, బరువులో నూటికి ఒక వంతు ధూళి ఉంటుంది. సిలికేట్లు, కార్బన్‌తో చేసిన ఈ రేణువులు పొగ మసికంటే పెద్దవి కావు. అయినా ప్రతి రేణువూ వెలుగుకు ఒక తెరచాప. ఎలక్ట్రాన్ల కంటే ఇవి కొన్ని వందల రెట్లు ఎక్కువగా వెలుగును పట్టుకుంటాయి. తెరచాప కదిలితే పడవ కదలక తప్పదు కదా, ధూళి బయటికి పోతే చుట్టూ ఉన్న వాయువునూ ఈడ్చుకుపోతుంది.

లెక్క వేసినవారందరికీ గుండె జారింది. రిచర్డ్ లార్సన్, సమ్నర్ స్టార్‌ఫీల్డ్ 1971లో ఈ ఇబ్బందిని గుర్తించారు. ఫ్రాంజ్ కాన్ 1974లో సుమారు 40 సూర్యుళ్ళ దగ్గర ఎదుగుదల ఆగిపోవాలన్నాడు. 1987లో మార్క్ వుల్ఫైర్, జోసెఫ్ కసినెల్లీ ఇంకా కచ్చితంగా చూసి, మేఘంలో ధూళి మామూలుకంటే బాగా తక్కువగా ఉండి, వాయువు మహా జోరుగా పడితే తప్ప కుదరదన్నారు. అలా ధూళి తగ్గించుకున్న మేఘాలు మాత్రం ఆకాశంలో ఎవరికీ దొరకలేదు.

నక్షత్రాలు ఈ కాగితాలు చదవలేదు. మన పక్క గెలాక్సీ పెద్ద మెగెల్లానిక్ మేఘంలో, సుమారు 1,60,000 కాంతి సంవత్సరాల దూరాన, ఆర్136ఎ1 అనే నక్షత్రం ఉంది. పాల్ క్రౌథర్ బృందం 2010లో దాని బరువు 265 సూర్యుళ్ళన్నారు. తర్వాత మరింత స్పష్టంగా తీసిన ఫొటోలతో 2022లో అది 200కు అటూ ఇటూగా దిగింది. దిగినా సరే, 40 ఎక్కడ, 200 ఎక్కడ?

తప్పు లెక్కలో లేదు, ఊహలో ఉంది. పాతవారంతా మేఘం బంతిలా గుండ్రంగా కూలుతుందనుకున్నారు. బంతిలో వెలుగుకు పక్కకు తప్పుకునే దారే లేదు, ప్రతి దిక్కునా ధూళే. నిజానికి ఏ మేఘానికైనా కొద్దోగొప్పో తిరుగుడు ఉంటుంది. కుంచించుకునేకొద్దీ ఆ తిరుగుడు వేగం పుంజుకుని, వాయువు నక్షత్రం చుట్టూ పళ్ళెంలా పరుచుకుంటుంది. అప్పుడు వెలుగు పళ్ళెం మందాన్ని చీల్చుకుని పోవాల్సిన పనిలేదు, పైనుంచీ కిందనుంచీ హాయిగా బయటపడుతుంది. వాయువు పళ్ళెం అంచు వెంట, వెలుగు సోకని నీడలో, లోపలికి జారుకుంటుంది. గాలి ఎదురుగా కొడుతుంటే గోడవార నడుచుకుంటూ వచ్చినట్టు. హరాల్డ్ యార్క్, కోర్డులా సోన్‌హాల్టర్ 2002లో కంప్యూటర్ మీద ఇది చేసి చూపించారు, నక్షత్రం 43 సూర్యుళ్ళ దాకా పెరిగింది. టార్చిలైటు వెలుగులా ఒక దిక్కుకే పోతుంది కాబట్టి ఆ ప్రభావానికి టార్చిలైటు పేరే పెట్టారు.

తర్వాత వచ్చిన తగువు చెప్పుకోదగ్గది. 2009లో మార్క్ క్రమ్‌హోల్జ్ బృందం మూడు దిక్కులూ ఉన్న లెక్కతో రెండు నక్షత్రాల జంటను పెంచింది, ఒకటి 41 సూర్యుళ్ళకు పైన, ఇంకొకటి 29. వెలుగు ఊదిన బుడగల గోడలు అక్కడక్కడా బరువెక్కి, వేళ్ళలా విడివడి, కింద ఉన్న నక్షత్రం మీద వాయువును కుమ్మరిస్తున్నాయని వారన్నారు. నీళ్ళ మీద నూనె కాక నూనె మీద నీళ్ళు పోస్తే ఏమవుతుందో అదే. ఆ తర్వాత రోల్ఫ్ కైపర్ బృందం, ఈ వేళ్ళు నిజం కావు, మీరు వెలుగును లెక్కగట్టిన పద్ధతి మొరటుగా ఉండటం వల్ల వచ్చాయి అంది. నక్షత్రపు నేరు కిరణాలను ఒక్కొక్కటీ అనుసరిస్తే బుడగలు చెదరవు, పళ్ళెం ఒక్కటే చాలు అని చెప్పి, దాంతోనే 130 సూర్యుళ్ళకు పైబడిన నక్షత్రాన్ని చేసి చూపించింది. 2016లో అనా రోజెన్ బృందం కిరణాలను అనుసరించే పద్ధతితోనే మళ్ళీ వేళ్ళు కనిపించాయంది. వేళ్ళు ఉన్నాయా లేవా అన్నది అలా ఉంచితే, రెండు పక్షాల నక్షత్రాలూ బలిశాయి. నా మటుకు వెలుగు పీడనం గండం గట్టెక్కినట్టే. ఇంకా ఎవరైనా ‘భారీ నక్షత్రాలు పుట్టడం అసాధ్యమనిపిస్తుంది’ అంటూ వ్యాసం మొదలుపెడితే, వారు ఇరవై ఏళ్ళు వెనకబడ్డారని అర్థం.

ఇంకో గండం కూడా ఇలాగే తేలిగ్గా పోయింది. వేడి నక్షత్రపు అతినీలలోహిత కిరణాలు హైడ్రోజన్‌ను అయాన్లుగా చీల్చి, పదివేల డిగ్రీల బుడగను ఊదుతాయి. ఆ బుడగ వాయువును తరిమేయాలి. కానీ తకాషి హొసొకవా, కజుయుకి ఒముకై 2009లో ఒక చిత్రం చూపించారు. ఏడాదికి సూర్యుడిలో వెయ్యో వంతు చొప్పున వాయువు మీద పడుతుంటే నక్షత్రం ఆ వేడిని వదిలించుకోలేక సూర్యుడికి 100 రెట్ల వెడల్పు దాకా ఉబ్బిపోతుంది. ఉబ్బితే పై తలం చల్లబడుతుంది, చల్లబడితే అతినీలలోహిత కిరణాలు రావు. అజీర్ణమే దానికి రక్ష. కొంత పెరిగాకే మళ్ళీ కుంచించుకుని, కాగి, బుడగను ఊదడం మొదలుపెడుతుంది.

పళ్ళేలు దొరికాయి, పొలమారడాలూ దొరికాయి

కాగితం మీద కుదిరింది సరే, ఆకాశంలో పళ్ళేలు ఉన్నాయా? 20 సూర్యుళ్ళ బరువున్న ఐరాస్ 13481-6124 అనే పసినక్షత్రం చుట్టూ వేడి ధూళి పళ్ళేన్ని స్టెఫాన్ క్రాస్ బృందం 2010లో చిలీలోని టెలిస్కోపులను కలిపి చూసింది. 2015లో ఏఎఫ్‌జీఎల్ 4176 అనే పసినక్షత్రం దగ్గర కేథరిన్ జాన్‌స్టన్ బృందం, సూర్యుడి చుట్టూ గ్రహాలు తిరిగే కెప్లర్ నియమానికి లోబడి తిరుగుతున్న పళ్ళేన్ని పట్టుకుంది. దానికి అటకామా ఎడారిలో 5,000 మీటర్ల ఎత్తున 66 యాంటెన్నాలతో ఉన్న ఆల్మా రేడియో దుర్భిణి కావలసి వచ్చింది. 2023లో అన్నా మెక్లియోడ్ బృందం మన గెలాక్సీ దాటి, పెద్ద మెగెల్లానిక్ మేఘంలోని హెచ్‌హెచ్ 1177 అనే చోట కూడా ఇలాంటి పళ్ళేన్ని చూసింది. గెలాక్సీ బయట ఒక నక్షత్రం చుట్టూ తిరిగే పళ్ళెం దొరకడం అదే మొదలు. అక్కడ ధూళి తక్కువ కాబట్టి పసినక్షత్రం తెర వెనక దాక్కోకుండా మామూలు వెలుతురులోనే కనిపించింది.

నాకు ఇంతకంటే ముచ్చటగా అనిపించేది పొలమారిన నక్షత్రాల కథ. పళ్ళెంలో వాయువు సమంగా లోపలికి జారదు. బరువైన పళ్ళెంలో అక్కడక్కడా గడ్డలు కడతాయి, అప్పుడప్పుడూ ఒక గడ్డ ఉన్నపళంగా నక్షత్రం మీద పడుతుంది. భారీ పసినక్షత్రాల చుట్టూ మిథనాల్ ఆవిరి 6.7 గిగాహెర్ట్జ్ దగ్గర సహజంగానే మేసర్‌గా, అంటే రేడియో లేజర్‌గా మెరుస్తుంది. కార్ల్ మెంటెన్ 1991లో కనుగొన్న గీత ఇది. భారీ నక్షత్రాలు పుట్టేచోట తప్ప ఇది దాదాపు కనిపించదు. లోపల వేడి పెరిగితే మేసర్ చిందులేస్తుంది. 2015 నవంబరులో ఎస్255 ఐఆర్ అనే మేఘంలోని మేసర్ ఒక్కసారిగా ఎగసింది. 5,800 కాంతి సంవత్సరాల దూరంలో, సుమారు 20 సూర్యుళ్ళ బరువున్న ఒక పసినక్షత్రం అక్కడ ఉంది. పరారుణ టెలిస్కోపులు అటు తిరిగి చూస్తే దాని వెలుగు ఐదు రెట్లకు పైగా పెరిగి ఉంది. అలెస్సియో కరాటి ఒ గరాటి బృందం లెక్క ప్రకారం ఆ మింగుడులో పోయింది సుమారు రెండు బృహస్పతుల బరువు. అదే సంవత్సరం ఎన్‌జీసీ 6334 అనే మేఘంలో ఇంకో పసినక్షత్రం వెలుగు ఏకంగా 70 రెట్లు పెరిగిందని టాడ్ హంటర్ బృందం చెప్పింది.

ఇలా రెండు దొరకడంతో మేసర్ల మీద కన్నేసి ఉంచేవారంతా ఒక సంఘంగా ఏర్పడ్డారు. 2019 జనవరిలో జీ358.93 అనే చోట మేసర్ ఎగసినప్పుడు వెంటనే నాలుగు ఖండాల రేడియో దుర్భిణులు అటు తిరిగాయి. మెరుపు మచ్చలు రోజురోజుకూ బయటికి జరుగుతున్నాయి. అది వాయువు కదలిక కాదు, వేడి పాకడం. కాంతి వేగంలో నూటికి 4 నుంచి 8 వంతుల వేగంతో వేడి అల పళ్ళెం గుండా పోతోంది. నక్షత్రం ఒక ముద్ద మింగాక ఆ వేడి ఎలా పాకుతుందో మనిషి కళ్ళారా చూడటం అదే మొదలు. పెద్ద దుర్భిణులు గొప్పవే, కానీ ఈ ఘనత రోజూ ఒకే చోట చూస్తూ కూర్చునే చిన్న యాంటెన్నాలది.

వాయువు ఎక్కడిది?

ఇక అసలు తగువు. నక్షత్రం ముంగిటికి వచ్చిన వాయువు లోపలికి ఎలా పోతుందో తెలిసింది. ముంగిటికి అంత వాయువు ఎక్కడి నుంచి వస్తోంది? ముందే ఒక కుండ నింపి పెట్టి ఉందా, లేక దూరం నుంచి వాగులు పారుతున్నాయా?

మొదట పక్కన పెట్టాల్సినది ఢీకొట్టుకునే కథ. 1998లో ఇయాన్ బొన్నెల్, మాథ్యూ బేట్, హాన్స్ జినెకర్ కిక్కిరిసిన గుంపుల్లో చిన్న నక్షత్రాలే గుద్దుకుని పెద్దవి కావచ్చన్నారు. అందుకు ఒక ఘన పార్సెక్‌లో పది కోట్ల నక్షత్రాలు ఉండాలి. అంత ఇరుకు మనకు తెలిసిన పుట్టింట ఎక్కడా లేదు. ఎప్పుడో ఒకటీ అరా జరిగితే జరగవచ్చు.

కుండ పక్షం కథ 2002, 2003లలో క్రిస్ మెకీ, జొనాథన్ టాన్ చెప్పింది. సూర్యుడు పుట్టే గర్భాన్నే పెద్దదిగా, దట్టంగా ఊహించండి, దాన్ని నిలబెట్టేది ఉష్ణం కాదు, లోపలి సుడులూ అయస్కాంత క్షేత్రమూ అన్నారు. అంత దట్టమైన గర్భం కూలితే వాయువు జోరుగా పడుతుంది, లక్ష ఏళ్ళలో పని ముగుస్తుంది. నక్షత్రం ఎంతదవుతుందో గర్భం బరువే నిర్ణయిస్తుంది. పసినక్షత్రం నుంచి జంటగా బయటికి చిమ్మే వాయుధారలు, అంటే జెట్లు, కొంత ఎగరగొడతాయి కాబట్టి, 30 సూర్యుళ్ళ నక్షత్రానికి 60 సూర్యుళ్ళ కుండైనా కావాలి. ముఖ్యంగా, నక్షత్రం వెలగకముందే ఆ కుండ నిండి ఉండాలి. ఈ కథకున్న గొప్ప సుగుణం ఇదే, పరీక్షించవచ్చు. కుండ ఉంటే కనబడాలి.

వాగు పక్షంలో రెండు తెగలున్నాయి. బొన్నెల్, బేట్ వాళ్ళది పోటీ కథ. మేఘం ముందు చిన్న చిన్న గింజలుగా విడిపోతుంది, అన్నీ అర సూర్యుడంతవే. తర్వాత ఉమ్మడి వాయువు కోసం పోటీ. గుంపు మొత్తం గురుత్వం వాయువును నడిమికి లాగుతుంది, నడిమిలో ఉన్న గింజ బలుస్తుంది, బలిసిందే ఇంకా లాగుతుంది. ఫ్రెడ్ హాయిల్, రేమండ్ లిటిల్టన్ 1939లోనే, హెర్మన్ బాండీ 1952లో చెప్పిన సూత్రం ప్రకారం లాగే రేటు బరువు వర్గంతో పెరుగుతుంది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. ఇక్కడ సామెత చెల్లదు, కడబంతిలో కూర్చున్నవాడి విస్తరి ఖాళీయే. 2005లో క్రమ్‌హోల్జ్, మెకీ, రిచర్డ్ క్లైన్ కలిసి, సుడులు తిరిగే మేఘంలో ఈ లాగుడు పనికిరానంత తక్కువని నేచర్ పత్రికలో గట్టిగా కొట్టారు. మీరు తీసుకున్న సుడులు మరీ ఎక్కువ, చిన్న చోట గాలి అంత విసురుగా ఉండదు అని మరుసటి ఏడాది బొన్నెల్, బేట్ బదులిచ్చారు.

రెండో తెగ మెక్సికోలోని ఎన్రికే వాస్కెజ్-సెమడేని వాళ్ళది. వారు ఇంకా పెద్ద చోటు నుంచి మొదలుపెడతారు. పదుల కాంతి సంవత్సరాల మేఘం మొత్తమే కూలుతోంది, ముందు పలకగా, తర్వాత దారాలుగా. దారాలు కలిసే చోట గుంపు, గుంపు నడుమ భారీ నక్షత్రం. కుండ ఎప్పుడూ నిండుగా ఉండదు, నింపుతూనే ఉంటారు, తోడుతూనే ఉంటారు. తెలంగాణ ఊళ్ళలో గొలుసుకట్టు చెరువులు చూసినవారికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. చివరి చెరువులో ఎన్ని నీళ్ళుంటాయో తెలియాలంటే దాని కట్ట కొలిస్తే చాలదు, ఎగువన ఎన్ని వాగులు కలుస్తున్నాయో చూడాలి.

1990ల చివర ఉపగ్రహాల పరారుణ చిత్రాల్లో, గెలాక్సీ వెలుగు నేపథ్యంలో నల్లటి మరకల్లా కొన్ని మేఘాలు బయటపడ్డాయి. చల్లగా, దట్టంగా, ఇంకా నక్షత్రం వెలగని చోట్లు. కుండలు ఉంటే ఇక్కడే ఉండాలి. వాటిలో ఒకటైన ఎస్‌డీసీ335ను నికొలా పెరెటో బృందం 2013లో ఆల్మాతో చూసింది. దూరం పదివేల కాంతి సంవత్సరాల పైన, బరువు 5,500 సూర్యుళ్ళు. సాలీడు కాళ్ళలా కొన్ని దారాలు నడిమికి చేరుతున్నాయి. ఆ నడిమిలో ఒక్క గర్భమే 545 సూర్యుళ్ళ బరువు. వాయువు వేగం కొలిస్తే ఆ నడిమికి వెయ్యేళ్ళకు రెండున్నర సూర్యుళ్ళ చొప్పున చేరుతోంది. మేఘం మొత్తం కూలుతోంది అన్న తెగకు ఇది పండగ. తర్వాత పోర్టోలో పనిచేసే నందకుమార్ బృందం 2020లో హెర్షెల్ ఉపగ్రహ చిత్రాల్లో వేల ముద్దలను జల్లెడపట్టి, బాగా వెలిగేవన్నీ దారాలు కలిసే సంగమాల్లోనే ఉన్నాయని తేల్చింది.

కుండల సంగతి? పట్రీసియో సన్‌యూజా బృందం 2019లో 12 నల్ల ముద్దలను ఆల్మాతో నిశితంగా చూసి 294 గర్భాలను లెక్కపెట్టింది. నక్షత్రం వెలగకుండా 30 సూర్యుళ్ళకు మించిన గర్భం ఒక్కటి కూడా దొరకలేదు. చిన్నవే, పెరగాల్సినవే. ఫ్రెడెరిక్ మొట్ బృందం 2018లో డబ్ల్యూ43 అనే మహా మేఘంలో 131 గర్భాలను చూసింది. అందులో 50 సూర్యుళ్ళ పైబడి ఇంకా వెలగనట్టు కనిపించే గర్భం ఒకటుంది. ఏళ్ళ తరబడి గాలిస్తే వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని అభ్యర్థులే మిగిలారు.

నా తీర్పు వాగు వైపే మొగ్గుతుంది. కానీ మూడు మాటలు చెప్పాలి. గర్భం బరువును నేరుగా తూచడం కుదరదు. ధూళి వెలుగును చూసి, దాని వేడి ఇంత అని ఊహించి లెక్కగడతారు. ఊహ కొంచెం మారితే బరువు రెట్టింపు కావచ్చు, సగం కావచ్చు. 30 సూర్యుళ్ళ గీత అంత పదునైనది కాదు. రెండోది, నిండు కుండ పదివేల ఏళ్ళకే వెలిగిపోతే అది దొరకకపోవడం వింత కాదు, లేదనడానికి సాక్ష్యమూ కాదు. మూడోది, ఆకాశంలో మనకు లోతు కనబడదు. ఒకదాని వెనక ఒకటి ఉన్న దారాలు కలిసినట్టే కనిపిస్తాయి. వేగాలు కొలిచినవాటినే నమ్మాలి. ఇవన్నీ పోగా మిగిలేదేమిటంటే, రెండు పక్షాలూ ఏడాదికి పడే వాయువు గురించీ, లక్ష ఏళ్ళ కాలం గురించీ, పళ్ళెం గురించీ ఒకే మాట అంటున్నాయి. తేడా అంతా వాయువు ఎంత దూరం నుంచి వచ్చిందన్న దగ్గరే. అయస్కాంత క్షేత్రాలు పళ్ళెం తిరుగుడును ఎంత ఆపుతాయన్నది ఇంకా తక్కువ తేలిన సంగతి.

పోగేసుకోవడం పుట్టుకతోనే ఆగుతుందనీ అనుకోవద్దు. హ్యూగ్ సనా బృందం 2012లో సైన్స్ పత్రికలో చెప్పినదాని ప్రకారం, భారీ నక్షత్రాల్లో నూటికి 70కి పైగా తమ జంట నక్షత్రంతో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు వాయువు ఇచ్చిపుచ్చుకుంటాయి. కొన్ని కలిసిపోతాయి కూడా. కాబట్టి ఒక పెద్ద నక్షత్రాన్ని చూసి, అది ఇంత బరువుతోనే పుట్టిందనడం పుట్టింటి కట్నాన్నీ అత్తింటి సంపాదననూ కలిపి లెక్కపెట్టడమే.

మళ్ళీ ఓరియన్‌కే వస్తాను. తీటా-1 సి వెనక, ఇంకా తెర తొలగని మేఘంలో, మనకు అన్నిటికంటే దగ్గరి భారీ పసినక్షత్రాలు ఉన్నాయి. వాటిలో బీఎన్ అనేదాన్ని ఎరిక్ బెక్లిన్, గెర్రీ నాయ్‌గెబౌవర్ 1967లోనే పరారుణ కిరణాల్లో చూశారు. పక్కనే సోర్స్ ఐ అనే మరో పసినక్షత్రం. ఏళ్ళ తరబడి రేడియో దుర్భిణులతో వీటి చోటును కొలుస్తూ వచ్చినవారికి అవి ఒకదాని నుంచి ఒకటి దూరంగా పరుగెడుతున్నట్టు తెలిసింది. దారులను వెనక్కి గీస్తే, మనకు కనిపించే లెక్కలో, సుమారు 550 ఏళ్ళ కిందట అవి ఒకేచోట కలుస్తాయి. అది పోతన బతికిన శతాబ్దం. అక్కడ మూడో నక్షత్రంతో సహా అన్నీ దగ్గరకొచ్చి, ఒకదాన్నొకటి విసిరేసుకున్నాయి. ఆ విసురుకు చిమ్మిన వాయువు ఇప్పటికీ వేళ్ళలా నలుదిక్కులా దూసుకుపోతోంది. సొంత కుండా లేదు, నెమ్మదైన వాగూ లేదు, ఇరుగుపొరుగు కొట్లాట.

అయినా సోర్స్ ఐ చుట్టూ పళ్ళెం ఉంది. ఆడమ్ గిన్స్‌బర్గ్ బృందం 2019లో ఆల్మాతో అందులో ఉప్పు ఆవిరిని కనిపెట్టింది. వంటింట్లో వాడే సోడియం క్లోరైడే. ఆ ఉప్పు గీతలు పళ్ళేనికి ఒక పక్క మన వైపు వస్తూ, మరో పక్క దూరం పోతూ కనిపిస్తాయి. ఆ వేగాల నుంచి లోపలి నక్షత్రం బరువు సుమారు 15 సూర్యుళ్ళని తేలింది. పళ్ళెం వెడల్పు మాత్రం మన నెప్ట్యూన్ కక్ష్యను కాస్త మించుతుంది, అంతే. ఆ కొట్లాటలో అంచులు తెగిపోగా మిగిలిన ముక్కా, లేక పారిపోతూ దారిలో మళ్ళీ పోగేసుకున్నదా అని ఇప్పుడు లెక్కలు వేస్తున్నారు. తెగిపోయిన ముక్కే అయితే, సెకనుకు పది కిలోమీటర్ల వేగంతో పోతూ కూడా 15 సూర్యుళ్ళు దాన్ని వదలకుండా పట్టుకుని ఉన్నట్టు. మళ్ళీ పోగేసుకున్నదే అయితే, ఆ పని 550 ఏళ్ళలోనే జరిగినట్టు.